మంటలలో మిగిలిన మందిరము

మీ ఇంటిలో పిల్లలు చదువుకునే అట్లాసు ఉంటే ఒకసారి తెరచి ఐరోపా ఖండపు పటము చూడండి. పైభాగములో నార్వే దేశము పొడవుగా వంగి కనబడుతుంది. దాని తీరము వెంట వేలు పెట్టి పైపైకి పోనివ్వండి. నేల అయిపోయినది, ఇక సముద్రమే అనుకున్న చోట మాగెరోయ అనే దీవి ఉన్నది. ఆ దీవిలో ఒక రేవు ఒడ్డున హోనింగ్స్‌వోగ్ అనే జాలరుల ఊరు ఉన్నది. మన విజయవాడ భూమధ్యరేఖకు పదహారున్నర డిగ్రీల ఉత్తరాన ఉంటే, ఈ ఊరు దాదాపు 71 డిగ్రీల మీద ఉన్నది. దానికి ఉత్తరాన స్వాల్‌బార్డ్ దీవులు తప్పిస్తే ధ్రువము వరకు అంతా నీరూ మంచూ మాత్రమే.

ఈ ఊరిలో 1885లో కట్టిన తెల్లని కొయ్య దేవాలయము ఒకటి ఉన్నది. రెండు వందల పైచిలుకు మంది కూర్చోగలరు. శిల్పాలు లేవు, పాలరాయి లేదు. మన కోస్తా గ్రామాలలోని చర్చిలలో దీనికంటే పెద్దవి ఎన్నో ఉన్నాయి. అయినా 1944లో ఊరంతా బూడిద అయిన తరువాత నిలిచి ఉన్న కట్టడము ఇదొక్కటే.

నార్వే సంఘాల ఆహ్వానము మీద ఆ దేశము వెళ్లినప్పుడు ఈ దేవాలయాన్ని చూచే భాగ్యము ప్రభువు నాకు అనుగ్రహించాడు. అక్కడ చూచినదీ, తెలుసుకొన్నదీ చదువరులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఒడ్డు వెంట ఒక రాత్రి

ట్రోమ్సో పట్టణము వరకు విమానములో వెళ్లి, అక్కడ సాయంత్రము తీరపు ఓడ ఎక్కితే మరునాడు మధ్యాహ్నానికి ముందే హోనింగ్స్‌వోగ్ చేరవచ్చు. ఈ తీరపు ఓడల రాకపోకలు 1893లో మొదలైనాయి. మన ఊళ్లకు ఎర్ర బస్సు ఎలాగో, రోడ్లు లేని ఆ కాలములో అక్కడి జనానికి ఈ ఓడ అలాగు. ఉత్తరాలు, సరుకులు, రోగులు, పెండ్లి బృందాలు, పాస్టర్లు, అందరూ, అన్నీ దీనిమీదనే. ఇప్పుడు రోడ్డు కూడా ఉన్నది. 1999లో సముద్రపు అడుగున దాదాపు ఏడు కిలోమీటర్ల సొరంగము త్రవ్వి దీవిని నేలతో కలిపారు. అది సముద్ర మట్టానికి 212 మీటర్ల లోతుకు దిగి మరల పైకి వస్తుంది.

నేను వెళ్లినది జూన్ మాసము. ఆ ప్రాంతములో మే మధ్య నుండి జూలై చివరి వరకు సూర్యుడు అస్తమించడు. రాత్రి పన్నెండు గంటలకు కూడా ఓడ పైతట్టున ఎండలో నిలబడి బైబిలు చదువుకోవచ్చు. దానికి బదులుగా నవంబరు చివరి నుండి జనవరి మూడవ వారము దాటే వరకు సూర్యుడు ఉదయించడు. ఆ రెండు నెలలు మధ్యాహ్నపు వేళ కాస్త నీలపు వెలుగు వచ్చి పోతుంది. ఈ చీకటిని మనసులో ఉంచుకోండి. ఇకముందు నేను చెప్పబోయే సంగతులలో ఎక్కువ భాగము ఆ చీకటి నెలలలోనే జరిగినవి.

ఓడ కొండల మధ్య నుండి పోతూ ఉంటే ఎడమ వైపు సోరోయ అనే పెద్ద దీవి వస్తుంది. చెట్లు లేని రాతి కొండలు, అక్కడక్కడ నిలువని కరిగిన మంచు, నీటి అంచున రెండు మూడు ఇండ్లు. నాతో వచ్చిన నార్వే పాస్టరుగారు ఆ దీవి వైపు చేయి చూపించి, "యుద్ధకాలములో మనుష్యులు అక్కడి గుహలలో కాపురము చేశారు" అన్నారు.

గుహలలో దాగినవారు

ఆ సంగతి అర్థము కావాలంటే కొద్దిగా చరిత్ర తెలియాలి. 1940 ఏప్రిల్‌లో జర్మనీ నార్వేను ఆక్రమించింది. ఉత్తర కొసన ఉన్న ఫిన్‌మార్క్ ప్రాంతము రష్యా సరిహద్దుకు చేరువలో ఉన్నది. అందువలన అక్కడ జర్మన్ సైన్యము దట్టముగా దిగింది, లోతైన సముద్రపు పాయలలో వారి యుద్ధనౌకలు లంగరు వేశాయి. 1944 అక్టోబరు 25న రష్యా సేనలు సరిహద్దులోని కిర్కెనెస్ పట్టణాన్ని పట్టుకొన్నాయి. జర్మన్ సైన్యము వెనుకకు మరలవలసి వచ్చింది. అక్టోబరు 28న హిట్లరు ఆజ్ఞ వెలువడింది. వెనుక వచ్చే శత్రువుకు తలదాచుకొనే నీడ కూడా దొరకకూడదు, జనాన్నందరినీ ఖాళీ చేయించి సమస్తము కాల్చివేయవలెను అని.

ఫిన్‌మార్క్ వైశాల్యములో డెన్మార్క్ దేశముకంటే పెద్దది. అంతటి ప్రదేశాన్ని, దాని ప్రక్కనున్న ఉత్తర ట్రోమ్స్‌ను ఇంటింటా వరుసగా కాల్చుకుంటూ పోయారు. సుమారు 11,000 ఇండ్లు, వంద దాటిన పాఠశాలలు, ఆసుపత్రులు, రేవు కట్టలు, పశువుల కొట్టాలు, 27 దేవాలయాలు కాలిపోయాయి. టెలిఫోను స్తంభాలు కూడా నరికివేశారు. సుమారు 50,000 మందిని పడవలలోనికి ఎక్కించి దక్షిణానికి పంపివేశారు. ఎందరో మాత్రము పోక, దాగుకొన్నారు. రాతి గుహలలో, బోర్లించిన పడవల క్రింద, పచ్చిక గడ్డలు పేర్చి కట్టిన గుడిసెలలో పసిబిడ్డలతో సహా ఆ చీకటి శీతకాలము గడిపారు.

సోరోయ దీవిలో ఆలాగు దాగినవారి మాట బ్రిటిషు నౌకాదళానికి తెలిసి, 1945 ఫిబ్రవరి 15న నాలుగు డిస్ట్రాయర్ నౌకలు వచ్చి సుమారు ఐదు వందల మందిని ఎక్కించుకొన్నాయి. వారిని రష్యా రేవుకు చేర్చి, అక్కడి నుండి బ్రిటనుకు తిరిగిపోతున్న వాణిజ్య నౌకల గుంపులో పంచి ఎక్కించారు.

పడవలో చోటు

ఆ గుంపులో హెన్రీ బేకన్ అనే అమెరికా నౌక ఒకటి. అందులో 19 మంది సోరోయ శరణార్థులు ఎక్కారు. వారిలో స్త్రీలు, చిన్నపిల్లలు ఉన్నారు. పెనుతుపాను వలన ఆ నౌక దెబ్బతిని గుంపు నుండి వెనుకబడి పోయింది. 1945 ఫిబ్రవరి 23న ఒంటరిగా ఉన్న ఆ నౌకను జర్మన్ విమానాలు చుట్టుముట్టి టార్పెడో వేసి ముంచివేశాయి. దిగవలసిన రక్షణపడవలలో కొన్ని తుపానులో పాడైపోయాయి. ఉన్నవాటిలో అందరికీ చోటు లేదు. ఆ నీటిలో పడినవాడు నిమిషాలలో చలికి గడ్డకట్టి చనిపోతాడు.

అప్పుడు ఆ నౌకలోనివారు ముందుగా పరాయి దేశస్థులైన ఆ 19 మందిని పడవలో ఎక్కించారు. నౌక నడిపే కెప్టెను ఆల్ఫ్రెడ్ కారినీ నౌకతోనే మునిగిపోయాడు. ప్రధాన ఇంజనీరు డొనాల్డ్ హావిలాండ్ పడవలో తనకు దొరికిన చోటును వయసులో చిన్నవాడైన మరియొక నావికునికి ఇచ్చివేశాడు. నావికులు, వారి రక్షణభటులు కలిసి ఇరవై మందికి పైగా చనిపోయారు. 19 మంది శరణార్థులలో ఒక్కరు కూడా నశించలేదు.

స్నేహితుని కొరకు ప్రాణము పెట్టుటకంటె గొప్ప ప్రేమ లేదని మన ప్రభువు చెప్పిన మాట (యోహాను 15:13) మనకందరికీ కంఠస్థమే. కాని ఆ నావికులకు ఈ నార్వే కుటుంబాలు స్నేహితులా? బంధువులా? కొద్దిరోజుల క్రితము వరకు ముఖము చూచి ఎరుగరు, ఒకరి భాష ఒకరికి రాదు. పరదేశిని స్నేహితునిగా లెక్కించుకొని ప్రాణము పెట్టడము ఎలాగుంటుందో ఆ మంచు సముద్రము చూచింది. ఓడ ఆ దీవి ప్రక్కగా పోతున్నంతసేపు నేను ఆ రాళ్లవైపే చూస్తూ ఉండిపోయాను.

మరునాడు తెల్లవారుజామున ఓడ హామర్‌ఫెస్ట్ పట్టణములో ఆగింది. అక్కడ కూడా అంతా కాలిపోగా మిగిలినది సమాధుల తోటలోని చిన్న ప్రార్థనాలయము ఒక్కటే. బ్రతికినవారి ఇండ్లన్నీ పోయి, చనిపోయినవారి కొరకు కట్టినది మాత్రము నిలిచింది.

తెల్లని దేవాలయము

హోనింగ్స్‌వోగ్ రేవులో దిగగానే ముందు తగిలేది చేపల వాసన. మన కాకినాడ, నిజాంపట్నము తీరాలలో ఎండుచేపలు ఎరిగినవారికి ఆ వాసన పరాయిది కాదు. అయితే మనము ఉప్పు పట్టించి ఎండలో ఎండబెడతాము. వారు ఉప్పు లేకుండానే కాడ్ అనే చేపను కొయ్య దండేల మీద జంటలు జంటలుగా వ్రేలాడదీస్తారు. చల్లని గాలి నెలల తరబడి వీచి చేపను కట్టెవలె ఎండబెడుతుంది. ఆ చేపల తలలు ఆఫ్రికాలోని నైజీరియా వరకు పోతాయి.

ఊరిలో రెండు వేల పైచిలుకు జనము. ఎర్రని, పసుపుపచ్చని, నీలపు కొయ్య ఇండ్లు కొండ వాలులో మెట్లు మెట్లుగా ఉంటాయి. అన్నీ ఒకే ఈడువి. తాతలనాటి ఇల్లు అనే మాటకు ఆ ఊరిలో తావు లేదు. అన్నీ 1945 తరువాత కట్టినవే. వాటి మధ్య తెల్లగా, సన్నని గోపురముతో ఆ దేవాలయము ఒక్కటే వృద్ధురాలివలె నిలబడి ఉన్నది.

1944 చివరి నెలలలో ఊరిని కాల్చిన తరువాత ఇక్కడ చర్చి చుట్టూ మిగిలినవి పునాదిరాళ్లు, పొగగొట్టాలు. ఆనాటి ఛాయాచిత్రములో నల్లని బూడిద కుప్పల మధ్య ఈ తెల్లని కట్టడము ఒంటరిగా కనబడుతుంది. 1945 మే నెలలో యుద్ధము ముగిసింది. ఇండ్లు లేవు, రేవు లేదు, అప్పుడే వెళ్లవద్దు అని ప్రభుత్వము వారించింది. అయినా జనము ఆగలేదు. పుట్టినచోటు కదా! చేపల కాలము తప్పిపోతుంది కదా! దొరికిన పడవ ఎక్కి తిరిగి వచ్చారు.

వచ్చినవారు ఎక్కడ తలదాచుకొన్నారు? ఈ దేవాలయములోనే. కొయ్య షెడ్లు వేసుకొనే వరకు ఇదే వారికి ఇల్లు. ఆదివారము ఆరాధన జరిగే ఆ నాలుగు గోడల మధ్యనే పడక, అక్కడే వెచ్చదనము, తడిసిన బట్టలు ఆరవేసుకొనేదీ అక్కడే. ఊరు తిరిగి లేచినది ఆ దేవాలయపు నేలమీద నుండే.

నేను వెళ్లిన ఆదివారము ఆరాధనకు వచ్చినవారు తక్కువే. అక్కడి సంఘాలలో ఈనాడు అది సాధారణము. పాట నెమ్మదిగా సాగింది. తప్పెటలు, చప్పట్లు లేవు. ఆరాధన తరువాత అందరూ కూర్చుండి కాఫీ త్రాగడము వారి ఆచారము. నేను ఒక బల్లమీద కూర్చుండి ఆ నేలనే చూస్తూ ఉన్నాను. ఈ పలకల మీద తల్లులు పిల్లలను పండుకొనబెట్టారు కదా, ఈ బలిపీఠానికి ఎదురుగా ఎవరో ఒకరు నిద్రలో దగ్గుతూ ఉండి ఉంటారు కదా అనిపించింది. పవిత్రపరచబడిన స్థలము అంటే ఏమిటో నాకు అక్కడ ఒక క్రొత్త అర్థము దొరికింది.

షిలోహును చూడండి

ఈ వృత్తాంతము చెప్పగానే మన విశ్వాసులలో చాలామంది, "చూచారా, దేవుడు తన మందిరాన్ని కాపాడుకొన్నాడు!" అంటారు. మన సాక్ష్యపు కూటాలలో ఇటువంటి మాటలు తరచుగా వింటాము. ఆ మాటలో భక్తి ఉన్నది. కాదనను. కాని అక్కడే ఆగిపోతే ఒక కష్టమైన ప్రశ్న ఎదురవుతుంది. ఆ శీతకాలములోనే 27 దేవాలయాలు కాలిపోయాయి. వాటిలో కూడా మోకాళ్లూనినవారున్నారు. వాటిలో కూడా పసిబిడ్డలకు బాప్తిస్మము ఇచ్చారు. మరి అవి దేవుని మందిరాలు కావా? ఆ సంఘాల విశ్వాసము తక్కువా?

యిర్మీయా ప్రవక్త 7వ అధ్యాయము చదవండి. యెరూషలేము జనము, దేవుని ఆలయము మన మధ్య ఉన్నది గనుక మనకేమీ కాదు అని ధైర్యము చెప్పుకొంటూ ఉంటే, ప్రవక్త ఆలయపు గుమ్మములోనే నిలబడి వారిని గద్దించాడు. అది మోసపు మాట, దానిని నమ్మకండి అన్నాడు. ఒకప్పుడు దేవుని నామము నిలిచిన షిలోహు ఏమైనదో వెళ్లి చూడండి అన్నాడు. ఆ ప్రసంగములోనే ఏమి అడిగాడు? పరదేశిని, తండ్రిలేనివారిని, విధవరాలిని బాధింపక న్యాయము జరిగించండి అని. గోడలు నిలవడము విశ్వాసానికి రుజువు కాదు. ఆ గోడల లోపల ఎవరికి చోటు దొరికింది అన్నదే దేవుడు అడిగే ప్రశ్న.

అందుచేత హోనింగ్స్‌వోగ్ దేవాలయము ఎందుకు మిగిలింది అన్నదానికంటే, మిగిలినది ఏమి చేసింది అన్నదే నాకు గొప్ప సంగతిగా తోచింది. ఊరిలో ఒక్క కప్పు మిగిలింది. ఆ కప్పు క్రిందికి అందరినీ రానిచ్చారు. తాళము వేసి, పరిశుద్ధ స్థలము, మైలపడుతుంది అనలేదు.

కట్టడము లేని సంఘము

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. కట్టడాలు కాలకముందే నార్వే సంఘము కట్టడాలు లేకుండా బ్రతకడము నేర్చుకొన్నది. జర్మనీ పక్షము వహించిన క్విస్లింగ్ ప్రభుత్వము సంఘము మీద, పిల్లల పెంపకము మీద చేయి వేయబోయినప్పుడు, 1942 ఫిబ్రవరిలో బిషప్పులందరు ప్రభుత్వ ఉద్యోగాన్ని విడిచిపెట్టారు. అక్కడ పాస్టరు జీతము ప్రభుత్వమే ఇచ్చేది. ఆ సంవత్సరము ఏప్రిల్ 5న, ఈస్టరు దినాన, దేశములోని పాస్టర్లలో అత్యధికులు ఒక విశ్వాస ప్రకటన చదివి వినిపించి తామును ఆ ఉద్యోగాలు వదులుకొన్నారు. సంఘ పరిచర్య మానలేదు, జీతము మాత్రము మానుకొన్నారు. విశ్వాసులు చందాలు వేసి వారిని పోషించారు.

వారికి నాయకుడైన బిషప్ ఐవిన్ బెర్గ్రావ్‌ను ఆ ఏప్రిల్ నెలలోనే పట్టుకొని, ఓస్లో నగరానికి వెలుపల అడవిలో ఒక చిన్న కొయ్య ఇంటిలో మూడు సంవత్సరాలు నిర్బంధించారు. ఈ బెర్గ్రావ్ గారు అంతకు ముందు 1928 నుండి 1937 వరకు ట్రోమ్సోలో ఉండి ఈ ఉత్తర తీరానికే బిషప్పుగా పనిచేశారు. పడవల మీద, స్లెడ్జి బండ్ల మీద ఈ జాలరుల ఊళ్లకు, సామీ జాతివారి గుడారాలకు తిరిగినవారు. ఆ సందర్శనలను గురించి ఒక పుస్తకము కూడా వ్రాశారు. చిన్న ఊళ్లలోని చిన్న సంఘాలను ఓపికగా దర్శించిన కాపరియే పెద్ద పరీక్ష వచ్చినప్పుడు నిలబడగలిగాడు. నాతోటి సేవకులకు ఇందులో పాఠమున్నది.

క్రిస్మస్ మరునాడు

హోనింగ్స్‌వోగ్ నుండి ముప్పది కిలోమీటర్లకు కొంచెము పైగా ప్రయాణము చేస్తే ఉత్తర అగ్రము వస్తుంది. సముద్రములోనికి నిటారుగా దిగిన 307 మీటర్ల కొండ అది. సయాము దేశపు రాజు చులలాంగ్‌కార్న్ 1907లో వచ్చి రాతిమీద తన గురుతు చెక్కించుకొని పోయాడు. ఇప్పుడు వేసవిలో వేలమంది యాత్రికులు వస్తారు. కొండ లోపల తొలిచిన మందిరములో అన్ని సంఘాలవారికీ తెరచి ఉన్న ఒక చిన్న ప్రార్థనాలయము కూడా ఉన్నది.

ఆ కొండ కొనన నిలబడి చూస్తే ముందు ఏమీ లేదు, నీరే. కాని ఆ నీటి అడుగున, నూరు కిలోమీటర్లకు పైగా దూరములో, షార్న్‌హోర్స్ట్ అనే జర్మన్ యుద్ధనౌక తలక్రిందులుగా పడి ఉన్నది.

1941 నుండి 1945 వరకు మిత్రరాజ్యాల వాణిజ్య నౌకలు ఈ సముద్రము మీదుగా రష్యాకు ఆయుధాలు, ఆహారము మోసుకొనిపోయేవి. 1943 క్రిస్మస్ దినాన అటువంటి ఒక గుంపు, 19 వాణిజ్య నౌకలు, ఈ దారిన పోతున్నది. ఆ సాయంకాలము షార్న్‌హోర్స్ట్ ఆల్టా ప్రాంతపు సముద్రపు పాయలో నుండి దానిని వేటాడడానికి బయలుదేరింది. మరునాడు, డిసెంబరు 26న, బ్రిటిషు నౌకలు దానిని చీకటిలో రాడారుతో కనిపెట్టాయి. డ్యూక్ ఆఫ్ యార్క్ అనే పెద్ద యుద్ధనౌక, బెల్‌ఫాస్ట్ మొదలైన క్రూయిజర్లు, స్టోర్డ్ అనే నార్వే డిస్ట్రాయరుతో సహా మరికొన్ని నౌకలు దానిని చుట్టుముట్టాయి. రాత్రి ఎనిమిది గంటలు కాకముందే అది మునిగిపోయింది.

ఆ నౌకలో 1,968 మంది ఉన్నారు. నీటిలో నుండి ప్రాణాలతో తీయబడినవారు 36 మంది. అధికారులలో ఒక్కరూ మిగలలేదు. ముందు రోజు క్రిస్మస్ జరుపుకొన్నవారు, ఇరవై ఏండ్ల ప్రాయపు కుర్రవారు ఎందరో అందులో ఉన్నారు. ఏ తల్లి అయినా కుమారుని చావు తారీఖు మరచిపోగలదా? ఇక ప్రతి క్రిస్మస్ మరునాడు జర్మనీలో ఎన్ని ఇండ్లలో దీపము ముందు కన్నీరు కారి ఉంటుందో ఆలోచించండి.

ఆ రాత్రి బ్రిటిషు సేనాధిపతి అడ్మిరల్ బ్రూస్ ఫ్రేజర్ తన అధికారులను పిలిచి, తమకంటే ఎన్నో రెట్లు బలమైన శత్రువును ఎదుర్కొనవలసి వస్తే మీరు కూడా ఆ నౌకలోనివారివలె ధైర్యముగా నడుచుకోవాలని కోరుతున్నాను అని చెప్పాడు. గెలిచిన గంటలోనే ఓడినవారిని గౌరవించాడు. షార్న్‌హోర్స్ట్ శిథిలము 2000 సంవత్సరములో సుమారు 290 మీటర్ల లోతున కనబడింది. దానితో పోరాడిన బెల్‌ఫాస్ట్ నౌక 1971 నుండి లండనులో థేమ్సు నదిమీద ప్రదర్శనశాలగా ఉన్నది.

శత్రువు కొరకు కన్నీరు

కొండ మీద గాలిలో నిలబడి ఉండగా నా మనసులో రెండు సంగతులు తలపడ్డాయి. నా వెనుక ఉన్నది జర్మన్ సైన్యము కాల్చివేసిన ఊరు. నా ముందు ఉన్నది జర్మన్ బిడ్డల సమాధి. ఇంతకూ ఊళ్లు కాల్పించిన సేనాని రెండులిక్ సంగతి ఏమైనది? 1948లో నూరెంబర్గ్ న్యాయస్థానము ఇతర నేరాలకు అతనికి శిక్ష వేసింది కాని, ఫిన్‌మార్క్‌ను కాల్చిన అభియోగము నుండి మాత్రము విడుదల చేసింది. యుద్ధ అవసరమని అతడు నిజముగా నమ్మియుండవచ్చునని తలంచింది. ఇల్లు కాలినవారికి ఆ తీర్పు ఎంత చేదుగా ఉండి ఉంటుంది! అందుచేత క్షమించండి అని వారికి ఉపదేశము చెప్పడము నాబోటివాడికి తగదు. కాలినది నా ఇల్లు కాదు.

అయినా ఒకటి చెప్పగలను. ఆ సముద్రములో ఉన్న 1,900 పైచిలుకు మందిలో ఆ ఊరిని కాల్చినవాడు ఒక్కడూ లేడు. వారు మునిగినది 1943లో, ఊరు కాలినది 1944లో. శత్రువు అనే ఒక్క మాటలో మనము అందరినీ కలిపి కట్టివేస్తాము. దేవుడు అలా కట్టడు. ఆయన ఒక్కొక్కరినీ పేరుపెట్టి ఎరుగును. సముద్రపు కొసకు పోయినా ఆయన చేయి అక్కడ కూడా ఉన్నదని 139వ కీర్తన మనకు నేర్పిన మాట. అది మనవారి కొరకు మాత్రమే వ్రాసినది కాదు.

మన తీరానికి కూడా ఇటువంటి సమాధి ఉన్నది. 1971 డిసెంబరులో విశాఖపట్నము ఎదుట ఘాజీ అనే పాకిస్తాను జలాంతర్గామి మునిగిపోయింది. తొంబది మందికి పైగా నావికులు ఈనాటికీ అందులోనే ఉన్నారు. విశాఖ బీచి రోడ్డులో మన విజయ స్మారకము చూచి గర్వపడుతాము, అది తగినదే. ఆ నీటివైపు చూచి ఆ తల్లులను కూడా ఒక నిమిషము తలంచితే మన దేశభక్తి తరగదు. మన క్రైస్తవ్యము మాత్రము పెరుగుతుంది.

ఈ దీవిలో నాకు ఆనందము కలిగించిన ఒక చిన్న సంగతి చెబుతాను. సామీ జాతివారు ప్రతి వేసవికి రెయిన్‌డీర్ అనే మంచుదుప్పుల మందలను మేత కొరకు మాగెరోయకు తోలుకొని వస్తారు. మధ్యనున్న జలసంధిని వసంతకాలములో బలహీనముగా ఉన్న మందలు ఈదలేవు. అందుకని అనేక సంవత్సరాలపాటు నార్వే నౌకాదళమే సైనికులను దింపే పడవలలో వాటిని దాటించింది. ఖడ్గాలు నాగటి నక్కులవుతాయని యెషయా చూచిన దర్శనము (యెషయా 2:4) ఈ నీటిమీద కొంచెముగానైనా నెరవేరడము కన్నులకు పండుగ కాదా?

మన మందిరముల మాట

ఇక మన సంగతికి వద్దాము. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చిన రాత్రిని మన పెద్దవారు మరచిపోలేదు. వేలాదిమంది కొట్టుకొనిపోయారు. కోస్తా గ్రామాలలో తుపాను వచ్చిందంటే జనము గట్టి కట్టడము వైపు పరుగెత్తుతారు. అది బడి కావచ్చు, గుడి కావచ్చు, చర్చి కావచ్చు. మన సంఘాలు ఈ సంవత్సరాలలో ఎన్నో క్రొత్త మందిరాలు కట్టుకొన్నాయి. నేలకు టైల్సు, పైన ఫ్యాన్లు, గేటుకు తాళము. ప్రతిష్ఠ దినాన రాయిమీద దాతల పేర్లు చెక్కించాము. మంచిదే.

కాని సంఘ కమిటీలో ఎప్పుడైనా ఈ ప్రశ్న అడిగామా? ఊరు మునిగిన రాత్రి తాళపుచెవి ఎవరి దగ్గర ఉంటుంది? అర్ధరాత్రి తలుపు తట్టితే తెరిచేవారు ఎవరు? తడిసి వచ్చినవారిలో మన సంఘములో చేరనివారు, మనలను ఎగతాళి చేసినవారు, వేరే వీధివారు, వేరే మతమువారు ఉంటే వారిని కూడా లోపలికి రానిస్తామా? బురద కాళ్లతో బలిపీఠము ఎదుట పండుకొంటే మనము ముఖము చిట్లిస్తామా?

అపొస్తలుడైన పౌలు ఓడ పగిలి మెలితే దీవి ఒడ్డుకు కొట్టుకొని వచ్చినప్పుడు, ఆ దీవివారు వానలో, చలిలో నిప్పు రాజవేసి అందరినీ చేర్చుకొన్నారు (అపొ. కార్య. 28:2). వారు అప్పటికి సువార్త విననివారు. సువార్త విన్న మనము వారికంటె వెనుకబడి ఉండవచ్చునా?

హోనింగ్స్‌వోగ్ దేవాలయము ఈ రోజున పెద్ద సంఘము గలది కాదు. కాని తన ఊరివారు చలిలో నిలబడిన దినాన తలుపు తెరచి ఉంచింది. మన మందిరములు ఎంతకాలము నిలుస్తాయో మనకు తెలియదు. నిలిచినంతకాలము వాటి తలుపులు ఎవరికి తెరచి ఉంటాయో నిర్ణయించవలసినది మనమే. వచ్చే తుపాను కాలానికి ముందే ప్రతి సంఘములో ఆ తాళపుచెవి సంగతి మాట్లాడుకోవాలని నా మనవి. అందుకు కావలసిన విశాల హృదయము ప్రభువు మనకందరికీ దయచేయును గాక. ఆమేన్.